కొయ్యచేపకు ఏడు చుట్లు

ముడి వేయాలంటే చెంచయ్యే వేయాలి. దారాన్ని కొక్కెం కంటిలోంచి రెండుసార్లు తీసి, వేలికి చుట్టి, చివర పంటికింద పెట్టి ఒక్క గుంజు గుంజాడంటే ఆ ముడి తెగాల్సిందే కానీ ఊడదని, ఫారంలో కొత్తగా చేరిన ప్రతివాడికీ తొమ్మిదేళ్ళుగా గొప్పగా చెప్పుకుంటూ వచ్చినవాడు భూమేష్. ఈ సాయంత్రం, అసర్ నమాజు అయ్యాక, వల కర్ర భుజానికి ఆనించుకుని చెంచయ్య వెనక మూడడుగుల దూరంలో చేపల చెరువు కట్ట మీద నిలబడి, అదే ముడిని చూస్తూ, ఊడిపోతే బాగుండు, అందరి ముందూ ఊడిపోతే బాగుండు అనుకుంటున్నాడు. ముడి కింద, ఎరగా కట్టిన కొయ్యచేప గాలికి తిరుగుతోంది. జానెడు పొడవు, నాలుగు ముక్కలు, మధ్యలో మూడు కీళ్ళు, కడుపు కింద ఒకటీ తోక దగ్గర ఒకటీ మూడు ముళ్ళ కొక్కేలు. దాని వీపు మీద నలుపు ఎక్కడ ఆగి పసుపు ఎక్కడ మొదలవుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. చెక్కింది తను. గరుకు కాగితం పట్టింది తను. ఇందాక ముదీర్, అంటే ఫారం మేనేజరు, తన ముగ్గురు అతిథులకు చూపించింది మాత్రం చెంచయ్యను. "హాదా చెంచియా. నజ్జార్." ఇతను చెంచయ్య, వడ్రంగి. పన్నెండేళ్ళలో భూమేష్‌కు పట్టుబడిన అరబ్బీ మాటలు ఓ యాభై ఉంటాయేమో, వాటిలో ఈ మాట ఒకటి కాకపోయినా పోయేది, వినబడినా వినబడనట్టే ఉండేది. కానీ ఇన్నేళ్ళుగా తన కార్డు మీద రాయించుకోవాలని తిరిగిన మాట అదొక్కటే.

వడ్రంగి వీసా అని చెప్పి ఏజెంటు విమానం ఎక్కించాడు. జిజాన్‌లో దిగి ఇకామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, చేతికొచ్చాక చూస్తే ఆమిల్ అని ఉంది, అంటే ఉత్త కూలీ. అయితే ఏముందిలే, పని చూశాక మారుస్తారన్నారు. చూశారు. చెరువుల్లో బురద తోడడం చూశారు, పంపుల గొట్టాలు మోయడం చూశారు, పగిలిన తొట్లకు రెసిన్ పూయడం చూశారు. మెట్‌పల్లి దగ్గర వాళ్ళ ఊళ్ళో ఏ వాకిట్లో నిలబడినా దర్వాజా మీద తన తండ్రి నర్సింలు ఉలిగాటు కనబడుతుంది, మనిషి పోయి పదేళ్ళయినా. తన ఉలిగాటు ఎక్కడుంది? ఊళ్ళోకి రెడీమేడు తలుపులు వచ్చాయి, ఇనుప చట్రాలు వచ్చాయి, తను ఇక్కడికి వచ్చాడు. రెండేళ్ళకోసారి ఇంటికి వెళితే ఊర్మిల బీడీల చాట పక్కన పెట్టి మంచినీళ్ళిస్తుంది, పక్కింటివాళ్ళు దుబాయ్ నుంచి వచ్చిండని అంటారు, ఇది దుబాయ్ కాదని చెప్పే ఓపిక కూడా పోయింది. వడ్ల భూమేష్, అంటే వడ్రంగి భూమేష్, అని పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. అందుకే ఈ కొయ్యచేప ఒక్కటీ అంత ముద్దయింది. ముదీర్ ఈ చెరువును డబ్బున్నవాళ్ళు సరదాగా గాలం వేసుకునే చోటుగా మారుస్తున్నాడని, పాత పనివాళ్ళలో ఒక్కణ్ణే ఉంచి కొయ్యచేపలు చేయడం, గాలం కర్రలూ వాటి దారం చుట్టే చక్రాలూ చూసుకోవడం వాడికి అప్పజెబుతాడని, వాడి కార్డు మీద ఆమిల్ కొట్టేసి నజ్జార్ అని రాయిస్తాడని నెల కిందట తెలిసినప్పుడు, పన్నెండేళ్ళ తర్వాత మొదటిసారి భూమేష్‌కు అన్నం రుచిగా అనిపించింది.

ఆ మాట మోసుకొచ్చింది చెంచయ్యే. "నువ్వు మాట్లాడబాక భూమన్నా, నీ అరబ్బీకి ఆయన నవ్వతాడు. నేను బోయి జెప్తా. మా అన్న చేసిండాడు, ఇదిగో చూడండని జెప్తా" అన్నాడు, కొయ్యచేపను తువ్వాలులో చుట్టుకుని ఆఫీసుకు వెళుతూ. అరగంటలో వచ్చాడు. చెప్పావా అంటే చెప్పానన్నాడు. ఏమన్నాడంటే నవ్వాడన్నాడు. మొహంలోకి మాత్రం చూడలేదు, చెప్పులకు అంటిన మట్టి రాతికేసి గీకుతూ కూర్చున్నాడు. అది అప్పుడే పట్టుకోవాల్సింది. పట్టుకోలేదు. తొమ్మిదేళ్ళు ఒకే గదిలో ఎదురెదురు మంచాల మీద పడుకున్న మనిషి చెప్పులు గీక్కుంటుంటే మట్టి అంటిందనుకుంటాం కానీ, మాట దాస్తున్నాడని ఎవడనుకుంటాడు?

ఈ పొద్దున పంపుషెడ్డులో బోల్టు బిగిస్తుంటే డ్రైవరు ఖాదర్ వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. కడప మనిషి, మాట కడుపులో ఆగదు, ఈసారి మాత్రం రెండు బీడీలు తాగేదాకా నోరు విప్పలేదు. "భూమన్నా, కాగితాలు ముదీర్ బల్ల మీద పెట్టేసొచ్చినా. చూడగూడదులే, అయినా చూసినా. చెంచయ్యది పేరు మారతాండాది. నజ్జార్ అని."

"మరి నాది?"

"నీది ఖురూజ్ అన్నా. ఈ నెలాఖరుకు."

ఖురూజ్ అంటే చుట్టీ కాదు, మళ్ళీ రావడం ఉండదు, పోవడమే. భూమేష్ బోల్టు పూర్తిగా బిగించాడు. బిగించాక ఇంకో అరచుట్టు కూడా తిప్పాడు. ఖాదర్ అప్పటికీ వెళ్ళకుండా, "నీ చేప వాని చేపెట్లయిందన్నా?" అని అడిగాడు. ఏమని చెప్పాలి? నా చేతులతోని నేనే ఇచ్చిన, అని చెప్పాలా?

కట్ట మీద చెంచయ్య విసరడానికి గాలం కర్ర వెనక్కు తీశాడు. తొందరపడకు, మొదటి విసురు తొందరపడితే చేప గాలిలో గిరికీలు కొట్టి దారానికే చిక్కుకుంటుంది, అని భూమేష్ నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాడు. ఎవరికి చెబుతున్నట్టు? విసురు బాగానే పడింది. ఇద్దరూ కలిసి నేర్చుకున్నదేగా. అసలు నేర్చుకున్నది అనాలో, ఒకరినొకరు పాడుచేసుకుని బాగుచేసుకున్నది అనాలో. మూడేళ్ళ కిందట, ఫారం నీళ్ళు సముద్రంలోకి వదిలే కాలవ దగ్గర మడచెట్ల వేళ్ళలో చిక్కుకుని చెంచయ్యకు ఒక ప్లాస్టిక్ చేప దొరికింది. ఎవరో పెద్దమనిషి పారేసుకున్నది, తోక విరిగిపోయింది, కీళ్ళు మాత్రం ఆడుతున్నాయి. నెల్లూరు జిల్లా తీరంలో పుట్టి పడవ మీదే మీసం మొలిపించుకున్న చెంచయ్య దాన్ని చూసి పడీ పడీ నవ్వాడు. "వల్లో చేపలు పడతాయి గానీ, చేపకి బొమ్మ చూపిచ్చి పట్టేదేందబ్బా, పిల్లోళ్ళని ఏడుపు మానిపిచ్చినట్టు?" భూమేష్ నవ్వలేదు. కీలు పక్కకు తిప్పి చూస్తూ ఉండిపోయాడు. తలుపు రెక్కకు మడతబందు ఎలా పని చేస్తుందో ఇదీ అంతే, కాకపోతే ఇందులో తలుపు ఊగడమే పని. ఆ పూటే పంపు మోటారు వచ్చిన పెట్టె చెక్క విప్పి మొదటి ముక్క కోశాడు. చేతిలోకి ఉలి రాగానే ఒంట్లో ఎక్కడో తాళం తీసినట్టయింది.

మొదటి చేప నెల పట్టింది. సీసం గుండ్లు చెంచయ్య పాత వల నుంచి కోసిచ్చాడు. కడుపులో రంధ్రం చేసి గుండు కూర్చి, తొట్లకు పూసే రెసిన్ రెండు పూతలు వేసి, గదిలో నీళ్ళు పట్టుకునే నీలం డ్రమ్ములో వదిలారు. అబ్బ, ఏం మునిగింది! ముక్కు కొంచెం కిందికి వంచి, ఎండుటాకు రాలినట్టు మెల్లగా మెల్లగా అడుక్కి. ఇద్దరూ డ్రమ్ము చుట్టూ చిన్నపిల్లల్లా కూర్చుని పదిసార్లు ముంచి చూసుకున్నారు. తెల్లారి శుక్రవారం కాలవలో వేస్తే అదే చేప వెల్లకిలా తేలింది, ఎంత లాగినా మునగదు, పైపైనే చెక్కముక్కలా గీసుకుంటూ వచ్చింది. రెసిన్ లోపలికి గాలి చేరిందనుకుని భూమేష్ దాన్ని మళ్ళీ చీల్చాడు, మళ్ళీ పూశాడు, మళ్ళీ డ్రమ్ములో ముంచాడు, మళ్ళీ కాలవలో తేలింది. మూడు వారాలు. నాలుగో శుక్రవారం చెంచయ్య కాలవలో వేలు ముంచి నోట్లో పెట్టుకుని, తల కొట్టుకున్నాడు. "మనం మంచినీళ్ళలో తూకం చూసి ఉప్పునీళ్ళలో ఏస్తుండాం గదన్నా! ఉప్పు లేపద్దా? ఈత రానోడు గూడా సముద్రంలో తేలతాడే!" చెరువుల ఊరివాడు తనకెలా తెలుస్తుంది, సముద్రంలో పుట్టినవాడు నీకేమైందిరా అని ఆ రోజు తిట్టుకుంటూ ఎంత నవ్వుకున్నారో. కొక్కెం కాడకు సీసపు తీగ చుట్టడం అక్కడే మొదలైంది. కాలవ నీళ్ళకు నాలుగు చుట్లు. వర్షం పడితే మూడు. ఆ లెక్క కాగితం మీద లేదు, భూమేష్ వేళ్ళల్లో ఉంది.

లాగడం నేర్చుకోవడానికి ఇంకా ఎక్కువ పట్టింది. ఊరి చెరువులో ఎర్ర గుచ్చి గాలం వేసిన అలవాటు తనది, బెండు మునగగానే కర్ర ఎత్తి గుంజడమే తెలుసు. కొయ్యచేపకు అది పనికిరాదు. చక్రం మెల్లగా తిప్పుతూ ఉండాలి, చేప వెనకే వస్తుంది, నీడలా, కాలవ పచ్చటి నీళ్ళలో ఒక ముదురు నీడ, కొయ్యచేప తోక దగ్గర ముట్టె పెట్టి వాసన చూస్తున్నట్టు వస్తుంది, వచ్చి వచ్చి కట్ట దాకా వచ్చి తిరిగిపోతుంది. పండుగప్ప అని పేరు చెప్పింది చెంచయ్య, అంతకుముందు భూమేష్‌కు అది వట్టి తెల్లచేప. ఫారం వల తెగి తప్పించుకున్నవి, కాలవలో బలిసి చేతంత అయినవి. అది తిరిగిపోబోయే లోపల చక్రాన్ని టక్కున అరచుట్టు తిప్పి ఆపితే కొయ్యచేప వెనక్కు తిరిగి దాని మొహంలోకి చూస్తుంది. తరుముతున్నదే ఎదురుతిరిగేసరికి పండుగప్ప ఆగలేదు, నోరు తెరుస్తుంది. అప్పుడు గుంజకూడదు. తగిలింది, చేతికి దెబ్బ తెలిసింది, అయినా గుంజకూడదు, తిప్పుతూనే ఉండాలి, బరువు పూర్తిగా దారం మీదికి వచ్చేదాకా తిప్పుతూనే ఉండాలి. ఎనిమిది నెలలు గుంజాడు. ఎనిమిది నెలలూ చేప నోట్లోంచి లాక్కున్నాడు. "నమ్మన్నా, అది మింగేదాకా నమ్ము" అని చెవి దగ్గర అరిచేవాడు చెంచయ్య. నమ్మాడు. బాగానే నమ్మాడు.

ఇప్పుడు కొయ్యచేప చెరువులో పడింది. చెంచయ్య చక్రం తిప్పుతున్నాడు. భూమేష్ చూడనక్కర్లేదు, ఏమవుతుందో పొద్దుటి నుంచే తెలుసు. సముద్రం నీళ్ళు తోడే పంపు పదకొండు రోజులు ఆగిపోయింది, బాగుచేసింది తనే, ఇవాళ మధ్యాహ్నమే తిరిగి మొదలైంది. ఈ పదకొండు రోజులూ ఎండ చెరువును పీల్చింది, ఉప్పు చిక్కబడింది, కట్ట వెంట తెల్లటి పొరలు కట్టింది. కాలవ లెక్కన నాలుగు చుట్లు వేసిన చేప ఇందులో మునగదు. చెంచయ్య వేలు ముంచి నోట్లో పెట్టుకుని ఉంటే క్షణంలో తెలిసేది. ముదీర్ ముందు, తెల్లటి బట్టల అతిథుల ముందు, వేలు చీకితే బాగుండదనుకున్నాడో ఏమో, ముంచలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. అనుకున్నట్టే అయింది, కొయ్యచేప పక్కకు ఒరిగి, నీటి మీద గీత గీసుకుంటూ వస్తోంది, కీళ్ళు ఆడడం లేదు, చచ్చిన చేపకు కూడా అంతకంటే ఎక్కువ జీవముంటుంది. కుర్చీల్లో ఉన్న అతిథుల్లో ఒకాయన గహ్వా కాఫీ కప్పు దించి ఏదో అన్నాడు, మిగతావాళ్ళు నవ్వారు. ముదీర్ నవ్వలేదు. భూమేష్‌కు గుండెల్లో చల్లగా ఏదో జారింది, సంతోషం అనుకున్నాడు. రెండో విసురు. మళ్ళీ అంతే. మూడోది. నవ్వులు ఆగిపోయాయి, ఆగిపోవడం ఇంకా పాడు, అతిథి ఒకాయన ఫోను చూసుకుంటున్నాడు. చెంచయ్య మెడ వెనక చెమట చొక్కా కాలరులోకి దిగుతోంది. పడనీ. ఇప్పుడు ముదీర్ లేచి, వద్దులే, ఈ బొమ్మలాట వద్దు, అందరినీ పంపెయ్ అంటాడు. అనాలి. వీడికీ ఖురూజే రావాలి.

అయితే మునిరత్నమ్మ? అడ్డంగా వచ్చి నిలబడింది ఆ పేరు. చెంచయ్య భార్య అభాలో ఒక ఇంట్లో వంటపని చేస్తోంది, కొండమీద, ఆరేళ్ళయింది. రెండు నెలలకోసారి ఖాదర్ ఎలాగో బండి కుదిర్చి తీసుకెళితే, ఆ ఇంటి గేటు బయట చెట్టు కింద గంటసేపు మాట్లాడుకుని వస్తారు మొగుడూ పెళ్ళామూ. ఆమెను భూమేష్ చూసింది రెండుసార్లే, విన్నది లెక్కలేనన్నిసార్లు, గురువారం సాయంత్రం ఆమె ఫోను చేస్తే గదంతా వినబడేది. భూమన్న తిన్నాడా, భూమన్న కాలినొప్పి ఎట్టుంది. కొయ్యచేపకు కళ్ళు కావాలంటే తన పాత జాకెట్టు చేతులకు కుట్టిన గాజు పూసలు విప్పి ఖాదర్‌తో పంపింది, "మా అన్న చేపకి" అని చీటీ కూడా పెట్టించింది. ఆ కళ్ళల్లో ఒకటి ఇప్పుడు నీళ్ళ మీద నుంచి ఆకాశంలోకి చూస్తోంది. చెంచయ్య ఇక్కడినుంచి పోతే ఆమె ఆ కొండమీద ఒక్కతే. అదేగా వాడి కారణం. చెప్పి ఉంటే? అన్నా, నువ్వు ఊరికి బోయినా నీకు ఇల్లుండాది, మా మనిషి ఈడుండాది, నన్నుండనీ అని మంచం అంచున కూర్చుని అడిగి ఉంటే? ఇచ్చేవాడేమో. ఏమో కాదు, తిట్టి, రెండురోజులు మాట్లాడకుండా ఉండి, ఇచ్చేవాడు. ఆ మాత్రం అడగకుండా నా దగ్గర దొంగిలించాలా వాడు?

చెంచయ్య కర్ర పట్టుకుని వెనక్కు వచ్చాడు. అందరికీ వినబడేట్టు హిందీలో, "అరే, తార్ లావ్, జల్దీ" అన్నాడు, తీగ తొందరగా తెమ్మని, సహాయానికి పెట్టుకున్న మనిషితో అన్నట్టు. మరుక్షణం గొంతు దించి, "భూమన్నా. సీసం జూడన్నా. మునగడంలా" అన్నాడు.

"కనవడ్తలేదా నాకు."

"ఎన్ని చుట్లు?"

"నజ్జార్‌వి నువ్వు. నన్నడుగుతవేంది?"

చెంచయ్య మొహం ఒక్కసారి ఇంకిపోయింది. తెలిసిందని వాడికి ఆ క్షణంలో తెలిసింది. వెనక నుంచి ముదీర్ కేక వేశాడు, ఏమైందని. చెంచయ్య అటు తిరిగి నవ్వుతూ ఒక్క నిమిషం అని అరబ్బీలో చెప్పాడు, ఎంత తేలిగ్గా నవ్వాడో, ఇటు తిరిగేసరికి కళ్ళల్లో నీళ్ళు. "తర్వాత తన్ను. చెప్పుతో తన్నన్నా. ఇప్పుడు జుట్టు" అని కొయ్యచేపను భూమేష్ అరచేతిలో పెట్టాడు.

సీసపు తీగ జేబులోనే ఉంది. ఎప్పుడూ ఉంటుంది. తీసి విప్పుతూ, పది చుట్లు వేస్తా, పన్నెండు వేస్తా, బండరాయిలా పోయి బురదలో కూరుకుంటుంది, దారం కూడా తెగుతుంది, అందరూ చూస్తారు అనుకున్నాడు. ఒకటి. వడ్రంగి తప్పు కొయ్య మీదికి నెట్టకూడదనేవాడు తండ్రి, చెక్క పగిలితే పగిలిందనకురా, పగలగొట్టిన అను. రెండు. తను పదేళ్ళవాడిగా ఉన్నప్పుడు ఆయన చేసిన నాగలిని ఒకడు అప్పు మీద తీసుకెళ్ళి, పొలం దున్నుకుని, బాలేదని తిరిగి వాకిట్లో పడేస్తే, ఆ ముసలాయన తిట్టలేదు, రాత్రంతా కూర్చుని దాని వంపు సరిచేశాడు, మళ్ళీ వాడింటికే మోసుకెళ్ళి ఇచ్చాడు. పిచ్చి ముసలోడని అప్పుడు ఎంత కోపమొచ్చిందో. మూడు. చేప చేతిలో బరువు మారుతోంది. బొటనవేలు మీద దాన్ని ఆనించి అటూ ఇటూ ఊపాడు, ముక్కు వంగింది, తోక తేలికైంది, ఉప్పు ఎంతో పొద్దుట పంపు దగ్గర నాలుకకు తెలిసింది, వేళ్ళు తమంతట తాము ఆగిపోయాయి. పాతవి నాలుగు, కొత్తవి మూడు. ఎనిమిదో చుట్టుకు తీగ ఉంది, చెయ్యి ఉంది, వేళ్ళు మాత్రం రానంటున్నాయి. ఇంతకాలం తనకు మిగిలిన సొంత మనుషులనుకున్న పది వేళ్ళు కూడా చెంచయ్య పక్షానే నిలబడ్డాయి. తీగ తుంచి పారేసి చేపను వాడి చేతిలో పెట్టాడు. మొహం చూడలేదు.

పడ్డ చోట చిన్న చప్పుడు. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేంత సేపు మునగనిచ్చాడు చెంచయ్య, నేర్చుకున్న ప్రకారమే. తిప్పాడు. నీళ్ళలోపల, మోకాటిలోతున, కొయ్యచేప నడిచింది. ఈదిందనాలి, కానీ భూమేష్‌కు నడిచినట్టే ఉంది, కొత్త పెళ్ళికూతురు నడిచినట్టు, పాదం తర్వాత పాదం, మూడు కీళ్ళూ ఒకదాని వెనక ఒకటి వంగుతూ, పచ్చటి ఉప్పునీళ్ళలో పసుపు మెరుస్తూ ఆరుతూ. నాది, అనిపించింది, ఏ కార్డు మీద ఏం రాసుకున్నా, నాది. వెనక నీడ లేచింది. పెద్దది. కట్టకు ఇరవై అడుగుల దూరం దాకా తోక పట్టుకుని వచ్చింది, ఆగింది, పక్కకు తిరగబోయింది. చెంచయ్య టక్కున అరచుట్టు తిప్పి ఆపాడు. కొయ్యచేప వెనక్కు తిరిగి చూసింది. నీళ్ళు పగిలాయి. గుంజకు గుంజకు గుంజకు, అని పైకే అనేశాడు భూమేష్, అన్నాక నాలుక కరుచుకున్నాడు. చెంచయ్య గుంజలేదు. మింగేదాకా నమ్మాడు. కర్ర విల్లులా వంగింది, చక్రం కీచుమంది, కుర్చీలు వెనక్కు జరిగాయి, అతిథులు లేచి కట్ట మీదికి పరుగెత్తుకొచ్చారు. పావుగంట తర్వాత మోకాళ్ళదాకా నీళ్ళలో దిగి వల పెట్టింది భూమేష్. ఎత్తి చూస్తే ఏడెనిమిది కిలోలుంటుంది, వెండి కంచంలాంటి చెంప, మూలకు గుచ్చుకున్న కొక్కెం, దాని కాడకు ఏడు చుట్లు.

"మాషా అల్లాహ్! మాషా అల్లాహ్ యా నజ్జార్!" ముదీర్ చెంచయ్య భుజాలు పట్టుకుని కుదిపాడు. అతిథులు వరసగా నిలబడి ఫోటోలు తీశారు, చేపతో, చెంచయ్యతో. వల పట్టుకున్న మనిషి అడ్డమొస్తుంటే పక్కకు జరగమని ఒకాయన మర్యాదగానే చెయ్యి చూపించాడు. జరిగాడు. ప్యాంటు కాళ్ళ నుంచి నీళ్ళు కారి మట్టిలో ఇంకిపోతున్నాయి. ముదీర్ ఏదో అడిగాడు, చెంచయ్య హాదిర్, హాదిర్ అన్నాడు, సరే సరే అని. బండ్లు కదిలాయి, దుమ్ము లేచింది. కట్ట మీద ఇద్దరు మిగిలారు. సూర్యుడు సముద్రం మీద మసక మసకగా, గాలిలో దుమ్ముకు గంటముందే ఎర్రబడిపోయి ఉన్నాడు.

చెంచయ్య దగ్గరికి వచ్చాడు. "పది చేపలు గావాలంటన్నా. నెలాఖరుకు." కర్ర కట్ట మీద పెట్టి, "నీ టికెట్టుకు ఇంకా ఇరవై దినాలుండాది గదా" అన్నాడు. ఆ మాట ఎంత సిగ్గులేనిదో వాడికి తెలుసు, తెలిసే అన్నాడు, వేరే దారి లేక అన్నాడు, అది ఇంకా పాడు. "నువ్వు చెయ్యొద్దులే. నేర్పన్నా. ఇరవై దినాల్లో నేర్చుకుంటా."

భూమేష్‌కు నవ్వొచ్చింది. ఆరేళ్ళు తండ్రి దగ్గర బాడిసె దెబ్బలు తిని నేర్చుకున్నాడు తను. "నన్ను అడుగకుంట అమ్ముకున్నవు గద చెంచయ్యా, నేర్పుమని ఏ నోటితోని అడుగుతున్నవు?"

"నేను అట్ట చెప్పాలని బోలా. ఎవురు జేసినారని అడిగినాడు. నోట్లోంచి నేను అనొచ్చేసింది. ఒక్క మాటన్నా. ఆ తర్వాత యెనక్కి తీసుకోలేకపోయినా."

"నెల దినాలున్నది తీసుకునేటందుకు."

చెంచయ్య జేబులో ఫోను మోగింది. గురువారం. ఇద్దరికీ తెలుసు ఎవరో. తీయకుండా ఉంటాడేమో అనుకున్నాడు భూమేష్, తీశాడు, అలవాటుగా స్పీకరు నొక్కాడు, నొక్కాక గుర్తొచ్చినట్టుంది. మునిరత్నమ్మ గొంతు అభా చలిగాలితో సహా వచ్చింది. "ఏమయ్యా, అయిందా పరీక్ష? పడిందా చేప?"

"పడిందిమే. పెద్దది."

"అబ్బ, నా తల్లే! మరి భూమన్నని గూడా ఉంచతారంటివే, ఖాయమైందా?"

చెంచయ్య నోరు తెరిచాడు. భూమేష్ వాడి కళ్ళల్లోకి చూశాడు, ఈ నెలరోజుల్లో మొదటిసారి వాడు కూడా చూశాడు, బతిమాలుతూ చూశాడు. "అయిందిలేమే" అన్నాడు.

"అన్న పక్కనుండాడా? ఈయ్ ఫోను. అన్నా, ఇంటున్నావా? నీ చెయ్యి చల్లగుండ, మా ఇద్దర్నీ నిలబెట్టినావన్నా నువ్వు. వచ్చే తూరి నువ్వు గూడా కొండకి రా, పులుసు జేసి గేటు కాడికి తెస్తా." ఆమె సంతోషంతో ఊపిరి కూడా తీసుకోవడం లేదు. ఫోను ఇద్దరి మధ్యా చెంచయ్య అరచేతిలో వెలుగుతోంది. సరే అమ్మా అంటే అయిపోతుంది. రెండు మాటలు. ఇరవై రోజుల తర్వాత విమానం ఎక్కితే తనెవరో ఆమెకెందుకు. ఇందాక వేళ్ళు చేసిన పనే నోరు కూడా చేస్తే సరిపోతుంది, అందరూ బాగుంటారు.

"అన్నా?" అంది ఆమె.

"ఉంచలేదమ్మా నన్ను. నెలాఖర్‌కు పోతున్న" అన్నాడు భూమేష్. "కొయ్యచేప మీ ఆయననే చేసిండని రాసుకున్నరు ఈడ. ఎట్ల చేసిండో ఆయన్నే అడుగు."

ఆమె చాలా మెల్లగా, "ఏమయ్యా?" అంది. ఆ గొంతు ఫోనుకు దగ్గరగా వచ్చింది. "ఏమయ్యా, అన్న ఏం జెప్తుండాడు? నాతో మాట్లాడు."

స్పీకరు ఆపాలని కూడా చెంచయ్యకు తోచలేదు. భూమేష్ వల ఎత్తుకుని గది వైపు నడిచాడు. ఆమె అడుగుతూనే ఉంది, ఒకే మాట, గొంతు పెంచకుండా, కట్ట మలుపు తిరిగేదాకా వినబడుతూనే ఉంది.